దుషాన్ వంశంలో ఒక పేరు ఎక్కువ

మస్కట్‌లోని ఖురం పేటలో సముద్రం వైపు పోయే రోడ్డు పక్కన నాలుగంతస్తుల తెల్ల బిల్డింగు ఒకటుంది. అందులో రెండో అంతస్తులో ఉండే ముసలాయన, ఏడెనిమిది వందల ఏళ్ల కిందటి రాజుల పేర్లు చెవిన పడితే తప్ప ముద్దకు నోరు తెరవడు. ఆ పేర్లు పాడేవాడు పెద్దులు, జగిత్యాల దగ్గరి పల్లెవాడు. పెద్దులుకు ఇంటికి పోవాలని ఉంది. పోనివ్వడం లేదు. పోనివ్వనిది ఎవరయ్యా అని ఆరా తీస్తే తిరిగి తిరిగి వచ్చి పెద్దులు నోటి దగ్గరే ఆగాల్సి వస్తుంది.

పెద్దులు వంశరాజుల కులంలో పుట్టాడు. కాపుల ఇళ్లకు పోయి, వాకిట్లో కూర్చుని, తంబూర మీటుతూ ఆ ఇంటి గోత్రం, మూలపురుషుడు, కొడుకులు, మనుమలు, ఎవరు ఏ చెరువు తవ్వించారు, ఎవరు ఎవరితో కొట్లాడారు అన్నీ పాడి వినిపించడం వాళ్ల పని. తండ్రి లింబాద్రి అందులో దిట్ట. ఆయనకు రెండు పట్టింపులు ఉండేవి. ఎవరికోసం వంశం చదువుతున్నామో వాళ్ల నెత్తి మీద చెయ్యి ఉండాలి. చదువు బతికున్న పేరు మీదే ఆగాలి. "సచ్చినోని పేరు మీద ఆపి లేసినవనుకో, ఆ ఇంటి దర్వాజ మూసి వచ్చినట్టేరా," అనేవాడు. పెద్దులు మీసం మొలిచే నాటికి కాపుల ఇళ్లలో టీవీలు వచ్చాయి, తాతల పేర్లు వినే ఓపిక పోయింది. లింబాద్రి కాలం చేశాక తంబూర గోడకెక్కింది, పెద్దులు విమానం ఎక్కాడు.

మొదట మస్కట్ శివారు అల్ అమెరాత్‌లో ఇళ్లు కట్టే కంపెనీలో సిమెంటు మోశాడు. ఆ కంపెనీ మూతపడే సమయానికి, సైట్‌కు నీళ్ల పైపుల పని చూడ్డానికి వచ్చే సెర్బియా ఇంజనీరు బోగ్దాన్ అతన్ని పిలిచి, ఇంట్లో వంటకూ కారు నడపడానికీ పెట్టుకున్నాడు. బోగ్దాన్ ఈ దేశం వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. భార్య ఇక్కడే పోయింది. మేస్త్రీలతో, కూలీలతో మాట్లాడీ మాట్లాడీ ఆయనకు సైట్ హిందీ గడగడా వచ్చేసింది. పెద్దులుకూ ఆయనకూ నడిచేది ఆ భాషే.

ఆ ఇంటి హాల్లో గోడ మీద ఒక పెద్ద పటం ఉంది. సెర్బియాలో ఒక పాత మఠం గోడ మీది బొమ్మకు నకలు. కింది నుంచి పైకి పాకిన తీగ, తీగ పొడుగునా కిరీటాలు పెట్టుకున్న మనుషులు, పందిరికి సొరకాయలు కాసినట్టు. పెద్దులు మొదటి రోజే దాని ముందు నిలబడిపోయాడు. "సాబ్, ఇది వంశం పటం కదా?" అన్నాడు. బోగ్దాన్‌కు ప్రాణం లేచి వచ్చింది. ముప్పై ఏళ్లలో ఆ పటాన్ని చూసి ఎంతకు కొన్నారని అడగనివాడు ఇతనొక్కడే. ఆ సాయంత్రం నుంచే చాయ్ తాగుతూ ఆ తీగ కథ మొదలైంది.

మూలపురుషుడు నెమాన్యా. అతని కొడుకు స్తెఫాన్, సెర్బుల మొదటి కిరీటం అతనిదే. స్తెఫాన్ కొడుకు ఉరోష్. ఉరోష్‌ను పెద్దకొడుకే గద్దె దింపాడు, తర్వాత చిన్నకొడుకు మిలుటిన్ ఏలాడు. మిలుటిన్ తన మీద తిరగబడ్డ కొడుకు కళ్లు పొడిపించి, పెళ్లాం పిల్లలతో సహా కాన్‌స్టాంటినోపుల్‌కు తోలేశాడు. ఆ కొడుకునే దెచాన్‌స్కీ అంటారు. ఏళ్ల తరబడి కళ్లకు గుడ్డ కట్టుకుని పరాయి ఊళ్లో బందీగా ఉన్నాడు, పక్కన పసివాడు దుషాన్. ముసలి మిలుటిన్ పోయాక గుడ్డ విప్పితే చూపు నిక్షేపంగా ఉందట! పొడవమన్నవాడికి చెయ్యి ఆడలేదో, మరేం జరిగిందో గానీ కథ మాత్రం అలాగే చెబుతారు.

ఆ దుషాన్ పెరిగి పెద్దవాడై, తండ్రి పక్కన నిలబడి వెల్బుజ్ద్ దగ్గర బల్గేరియా దండును చితక్కొట్టాడు. మరుసటేడు ఆ తండ్రినే పట్టుకుని జ్వెచాన్ కోటలో పెట్టించాడు. అక్కడ గొంతు నులిమి చంపేశారు. ఆ తర్వాత దుషాన్ గుర్రం దక్షిణానికి తిరిగింది. ఓహ్రిడ్, ప్రిలెప్, అల్బేనియా కోటలు, ముట్టడి వేసి వేసి సెరెస్. స్కోప్యేలో చక్రవర్తి కిరీటం పెట్టుకుని మళ్లీ దండు కదిలించి థెస్సలీ దాకా పోయాడు. చిన్నప్పుడు తనను బందీగా ఉంచిన కాన్‌స్టాంటినోపుల్ మాత్రం చేతికి రాలేదు. అతని కొడుకు చిన్న ఉరోష్ మెత్తని మనిషి, పిల్లల్లేకుండానే పోయాడు. తీగ అక్కడ ఆగింది.

"ఆ తర్వాత?" అని పెద్దులు అడిగితే బోగ్దాన్ చేతులు తిప్పి "ఖతమ్" అన్నాడు. పెద్దులుకు అది గొంతులో ముల్లులా ఉండిపోయింది. చచ్చినవాడి మీద ఆగిపోయే వంశం ఏం వంశం?

మూడేళ్ల కిందట బోగ్దాన్‌కు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మాట తడబడింది, నోటికి సొంత భాష రాక సైట్ హిందీయే మిగిలింది, జ్ఞాపకం చెదిరిపోయింది. ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చాక పళ్లు బిగబట్టి తిండి మానేశాడు. సరిహద్దు అవతల అల్ ఐన్‌లో పళ్ల డాక్టరుగా ఉన్న కొడుకు జోరాన్ పరుగెత్తుకొచ్చాడు. లోకం నోళ్లన్నీ తెరిపించేవాడు కన్నతండ్రి నోరు తెరిపించలేకపోయాడు. అప్పుడు పెద్దులు గిన్నెలో కిచిడీ పట్టుకుని మంచం మీద కూర్చుని, ముసలాయన నెత్తి మీద చెయ్యి పెట్టి, తండ్రి బాణీలో ఆ రాజుల పేర్లు ఎత్తుకున్నాడు. తెలుగు సగం, సైట్ హిందీ సగం. ముసలాయన కళ్లు పటం వైపు తిరిగాయి. నోరు తెరిచాడు.

దుషాన్ దండయాత్రలు అయ్యేసరికి గిన్నె సగమైంది. చిన్న ఉరోష్ వచ్చాడు. ఇక తరువాతి పేరు లేదు. చెయ్యేమో బతికున్న మనిషి నెత్తి మీద ఉంది. పెద్దులు గొంతు ఒక్క క్షణం తడబడి, తరతరాల అలవాటు కొద్దీ తనంతట తానే "ఆ వంశానికి బోగ్దాను, బోగ్దానుకు జోరాను" అని కట్టేసింది. ముసలాయన కళ్ల నీళ్లు పెట్టుకుని గిన్నె ఖాళీ చేశాడు. పెద్దులుకు పడిన తాళం అదే.

ఆ రోజు నుంచి ఆ పాట లేనిదే పూట గడవలేదు. జోరాన్ పెద్దులు పాస్‌పోర్టును "భద్రంగా ఉంటుంది" అని అల్ ఐన్ తీసుకుపోయి బీరువాలో పెట్టాడు. ఇంకో మనిషి కుదిరాక పోదువులే అన్నాడు. సమీయుల్లా అనే పెషావర్ మనిషిని తెచ్చిపెట్టాడు కూడా. పాపం అతను పెద్దులు పాటను ఫోన్లో రికార్డు చేసి మరీ వినిపించాడు. ముసలాయన ఎడమ చేత్తో ఆ ఫోన్ విసిరికొట్టి, జావ అతని గడ్డం మీద ఉమ్మాడు. "భాయ్, ఈ బాబా నీకే రాసిపెట్టి ఉన్నాడు," అని సమీయుల్లా సంచీ సర్దుకున్నాడు. పెద్దులు కుడితిలో పడ్డ ఎలుకలా ఆ మూడు గదుల్లో తిరిగాడు. కూరగాయలకు పోయినా వాచీ చూసుకోవాలి. కిటికీలోంచి కనబడే సముద్రం కూడా అతనికి విసుగు పుట్టించింది.

ఇంటి దగ్గర మరో ముడి పడింది. కొడుకు గంగాప్రసాద్‌కు, కోడలు సునీతకు మగపిల్లాడు పుట్టాడు. వాళ్లింట్లో బిడ్డకు పేరు పెట్టాలంటే ఇంటి పెద్ద బిడ్డ నెత్తి మీద చెయ్యి పెట్టి, ఏడు తరాలు చదివి, కొత్త పేరును చివర చేర్చాలి. ఆ ఏడు తరాలు వచ్చినవాడు పెద్దులు ఒక్కడే. పిల్లాడు బోర్లాపడ్డాడు, పాకాడు, లేచి నడిచాడు. పేరు మాత్రం రాలేదు.

"నీ మనుమడు గడప దాటుతుండు," అంది భార్య యాదవ్వ ఫోన్లో. "పిలుద్దామంటే పేరు లేకపాయె. ఆధార్ కార్డుల ఏం రాయిస్తవ్, చిన్నోడనా?"

"నేను ఫోన్ల చదువుత. నువ్వు వాని నెత్తి మీద చెయ్యి వెట్టు."

"నా చెయ్యి నీ చెయ్యెట్లయితది? మామ గిట్లనే నేర్పిండా నీకు? ఎవలెవలియో వంశాలు గక్కడ కూసోని చదువుతున్నవ్, నీ ఇంటిది చదువనీకె తీరుత లేదా?"

ఆమె మాటలో తప్పు లేదు.

ఈ ఏడు చలికాలంలో జోరాన్ తండ్రిని అల్ ఐన్‌లో తన ఇంటికే తీసుకుపోదామని, తిండి సంగతి అక్కడి నర్సులు చూసుకుంటారని నిశ్చయించుకున్నాడు. బురైమి సరిహద్దు దాకా పెద్దులు వెంట వచ్చి పాడుతూ ఉండాలి, అక్కడ పాస్‌పోర్టు చేతికిస్తానన్నాడు. ఇచ్చిన మాట ప్రకారం దాన్ని తెచ్చి కారు ముందు అరలో పెట్టాడు. వెనక సీట్లో ముసలాయన పక్కన కూర్చున్న పెద్దులు దారి పొడవునా ఆ అర మూతనే చూశాడు. రాజుల పేర్లు పాడుతున్నాడే గానీ మనసులో మాత్రం మనుమడికి పేరు వెతుకుతున్నాడు.

బురైమి ఊళ్లోకి వచ్చాక రోడ్డు పక్కన పాత మట్టికోట కనబడింది. ముసలాయన దాన్ని చూశాడు, స్టీరింగు దగ్గర ఉన్న కొడుకును చూశాడు. "జ్వెచాన్! జ్వెచాన్!" అని గావుకేక పెట్టి, ఉన్న ఒక్క చేత్తో కొడుకు మెడ మీద గుద్దడం మొదలుపెట్టాడు. కారు పక్కకు ఒరిగి ఆగింది. పోలీసులు వచ్చారు. ముసలాయన పెద్దులు చొక్కా పట్టుకుని వదల్లేదు. చివరికి కారు మస్కట్ వైపే తిరిగింది, పాస్‌పోర్టు మళ్లీ అల్ ఐన్ బీరువాకే పోయింది.

ఎందుకలా అరిచాడో జోరాన్‌కు అర్థం కాలేదు. పెద్దులుకు మాత్రం తిరుగుదారిలోనే తెలిసిపోయింది. కొడుకు తండ్రిని కోటలో పెట్టి చంపించిన వంశం అది. ఆ వంశానికి తను బోగ్దాన్‌ను కట్టాడు, బోగ్దాన్‌కు జోరాన్‌ను కట్టాడు. మూడేళ్లుగా రోజూ అదే వినిపించాడు. మరి ఆ కొడుకు కోట ముందుకు తెచ్చి నిలబెడితే ముసలాయన ఏమనుకుంటాడు?

పై అంతస్తులో ఉండే చంద్రమూర్తి గారిది కాకినాడ, బ్యాంకు ఉద్యోగి. జోరాన్ ఇంగ్లీషుకూ పెద్దులు తెలుగుకూ మధ్య వంతెన ఆయనే. పెద్దులు పోయి ఆయన దగ్గర గోడు వెళ్లబోసుకున్నాడు. ఆయన ముందు పకపకా నవ్వారు.

"ఏవయ్యా, ఊరికే పోతుందని మనిషికి సామ్రాజ్యం రాసిచ్చేశావు. దాంతోపాటు ఆ ఇంటి తగాదాలూ రాసిచ్చినట్టే కదటయ్యా! పోనీ ఆ రెండు పేర్లూ తీసెయ్యి, గొడవ వదిలిపోద్ది."

"తీసెయ్యరాదు సార్. బతికున్న మనిషి పేరు వంశంలకెల్లి తీసుడంటే పాడె కట్టుడే. మా నాయిన వింటే నా నాలిక కోస్తుండె."

చంద్రమూర్తి గారి నవ్వు ఆగిపోయింది. "మరి నువ్వు ఇక్కడే ఉండిపోతావా?" అన్నారు మెల్లగా.

పెద్దులు రోజుల తరబడి ఆ ప్రశ్ననే నమిలాడు. పేరు తీస్తే ముసలాయన మళ్లీ తిండి మానేసి చచ్చిపోతాడేమోనని భయం. తియ్యకపోతే తను ఈ మూడు గదుల్లోనే ముసలివాడై పోతాడని భయం. యాదవ్వ ఫోన్ చేసి, తిట్టకుండా, పిల్లాడి చేత "తాతా" అనిపించింది. తిట్టినా అంత బాధ ఉండేది కాదు. ఆ శుక్రవారం జోరాన్ రాగానే చంద్రమూర్తి గారిని కిందికి పిలిచి, చేసిందంతా చెప్పేశాడు.

జోరాన్ ముఖం ఎర్రబడింది. "మా వాళ్లు రాజులేంటి!" అని ఏదో అనబోయి, పటం వైపు చూసి ఊరుకున్నాడు.

పెద్దులు గిన్నె పట్టుకుని మంచం మీద కూర్చున్నాడు. నెత్తి మీద చెయ్యి పెట్టి నెమాన్యా నుంచి ఎత్తుకున్నాడు. చిన్న ఉరోష్ దగ్గరికి వచ్చి, తన తండ్రి లింబాద్రిని మనసులోనే క్షమించమని అడిగి, ఆగిపోయి, చెయ్యి తీసేశాడు. ముసలాయన నోరు తెరుచుకునే ఉన్నాడు. తరువాతి పేరు కోసం చూస్తున్నాడు.

"మరి నేను?" అన్నాడు సైట్ హిందీలో.

"మీరు లేరు సాబ్. నేనే కలిపిన. తప్పయింది."

ముసలాయన గోడ మీది పటం వైపు చూశాడు. "అయితే నా తండ్రి ఎవరు?" అని అడిగాడు.

పెద్దులు మూడేళ్లు ఈ మనిషి నెత్తి మీద చెయ్యి పెట్టి ఎన్ని కోటలు పట్టించాడు, ఎన్ని సేనలు నడిపించాడు! తండ్రి పేరేంటని ఒక్కసారైనా అడగలేదు. వంశాలు చదివేవాడు మొదట అడగాల్సింది అదే. సిగ్గుతో తల వంచుకున్నాడు.

చంద్రమూర్తి గారు ఆ మాటను ఇంగ్లీషులో చెప్పారు. జోరాన్ వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. "జీవ్‌కో," అన్నాడు. "తాత పేరు జీవ్‌కో. చిన్న స్టేషన్లో రైళ్లకు పట్టాలు మార్చేవాడు. నాన్నను భుజాల మీద ఎక్కించుకుని మంచులో స్కూలుకు తీసుకెళ్లేవాడట. నాన్నే నాకు చెప్పాడు, చిన్నప్పుడు."

"జీవ్‌కో," అన్నాడు ముసలాయన. మళ్లీ అన్నాడు, ఈసారి చంటివాడు తండ్రిని పిలిచినట్టు.

పెద్దులు మళ్లీ చెయ్యి పెట్టి ఎత్తుకున్నాడు. పట్టాలు మార్చిన జీవ్‌కో, జీవ్‌కోకు బోగ్దాను, బోగ్దానుకు జోరాను. కోటల్లేవు, దండుల్లేవు. రెండు ముద్దలు కలిపేలోపే పాట అయిపోయింది. మళ్లీ ఎత్తుకున్నాడు. ముసలాయన నోరు తెరవలేదు. అప్పుడు పెద్దులు తన చెయ్యి తీసి, జోరాన్ చెయ్యి పట్టుకుని ఆయన నెత్తి మీద పెట్టాడు. పళ్ల డాక్టరుకు రాగమూ లేదు, తాళమూ లేదు. మూడు పేర్లే కాబట్టి ఎలాగో ఈడ్చుకొచ్చాడు. ఈడుస్తూ ఏడ్చాడు. ముసలాయన కొడుకు ముఖం చూస్తూ నోరు తెరిచాడు.

పెద్దులు గిన్నె జోరాన్‌కు ఇచ్చి తలుపు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కోరుకున్నది ఇదే. అయినా ఆ నోరు తను లేకుండా తెరుచుకోవడం చూస్తుంటే గుండెలో కలుక్కుమంది.

ఆపై వారం ఇద్దరి ప్రయాణాలూ ఖాయమయ్యాయి, ముసలాయన అల్ ఐన్‌కు, పెద్దులు ఇంటికి. పాస్‌పోర్టు, టికెట్టు పెద్దులు జేబులోకి వచ్చాయి. ముసలాయనకు కొత్త పిచ్చి పట్టుకుంది. ఇంటికి ఎవరొచ్చినా, మందులు తెచ్చిన కుర్రాడైనా సరే, "నీ బాపు పేరేంటి?" అని అడుగుతున్నాడు. పెద్దులు ఆయన చొక్కాలు ఇస్త్రీ చేస్తూ, మనుమడి ముందు చదవాల్సిన తన ఏడు తరాలు ఒకసారి నెమరేసుకుందామని ఎత్తుకున్నాడు. మూలపురుషుడు గట్టుపోచడు. అతని కొడుకు సాంబడు. సాంబని కొడుకు మిలుటిన్.

ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి మళ్లీ మొదలుపెట్టాడు. గట్టుపోచడు, సాంబడు, మిలుటిన్. కళ్లు మూసుకుని, తండ్రి ముఖం తలుచుకుని, గబగబా ఒక్క ఊపున పోదామని చూశాడు. సాంబని దగ్గర నాలుక తనంతట తానే తీగ పటంలోకి ఎక్కింది. పెద్దులు యాదవ్వకు ఫోన్ చేశాడు.

"నాయిన చదువంగ నువ్వు ఇన్నవు గదనే. సాంబని తర్వాత ఎవలు?"

"గది మొగోళ్లు చదివేది, నాకేమెర్క? నీకే ఎర్క," అంది యాదవ్వ. "ఏమాయె, గట్ల మాట్లాడుతున్నవ్? వస్తున్నవా, లేదా?"

"వస్తున్న," అన్నాడు పెద్దులు. లింబాద్రి అతనికి తప్ప ఎవరికీ నేర్పలేదు. ఇప్పుడు ఆ పేర్లు ఈ లోకంలో ఇంకెవరికీ రావు.

మర్నాడు పొద్దున కారు కింద సిద్ధంగా ఉంది. ముసలాయనను ముందు సీట్లో కూర్చోబెట్టి, బెల్టు పెట్టి, మోకాళ్ల మీద దుప్పటి సర్ది, పెద్దులు కిటికీ దగ్గర వంగి సలాం చేశాడు. ముసలాయన అతన్ని కొత్తగా చూసినట్టు చూశాడు.

"పెద్దులూ, నీ బాపు పేరేంటి?"

"లింబాద్రి, సాబ్."

"ఆయన బాపు?"

పెద్దులు నోరు తెరిచాడు. నాలుక చివర ఉన్నది ఎవరో తెలిసి నోరు మూసుకున్నాడు. "యాదికి లేదు సాబ్," అన్నాడు. కళ్లు నిండిపోయాయి.

ముసలాయన కిటికీలోంచి ఎడమ చెయ్యి చాపి, వంగిన పెద్దులు నెత్తి మీద పెట్టాడు. మూడేళ్లుగా విన్న బాణీలోనే, బొంగురు గొంతుతో, వంకర నోటితో ఎత్తుకున్నాడు. "లింబాద్రి... లింబాద్రికి పెద్దులు..."

ఆగాడు. చెయ్యి తియ్యలేదు. "ఆగే?" అన్నాడు, తరువాతి పేరు చెప్పమని.

"గంగాప్రసాద్."

"పెద్దులుకు గంగాప్రసాద్," అని పాడి, ముసలాయన మళ్లీ అడిగాడు. "ఆగే?"

"ఇంక వెట్టలే సాబ్," అన్నాడు పెద్దులు, నెత్తి మీది చెయ్యిని రెండు చేతులతో పట్టుకుని. "వెట్టనీకే పోతున్న."